లేత గొర్రె తొడ ఇంట్లో వండడం: కోసి వడ్డించాలా, ఊడొచ్చేలా ఉడికించాలా?

తొడను ముక్కలు కొట్టించకుండా అలాగే ఇంటికి తెచ్చుకున్నాక చాలామంది మొదట అడిగేది "మసాలా ఏం పట్టించాలి?" అని. మసాలా సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఈ మాంసాన్ని చాకుతో పల్చగా కోసి వడ్డించాలా, లేక ఎముక నుంచి దానంతటదే ఊడొచ్చేంత మెత్తగా ఉడికించాలా? రెండూ బాగుంటాయి. ఒకదాన్ని దాటేసి రెండోదాన్ని అందుకోకుండా మధ్యలో ఆగిపోతేనే చిక్కు.

మాంసం లోపలి వేడి 55 నుంచి 63 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు (ఇక్కడ చెప్పేవన్నీ సెల్సియస్ డిగ్రీలే) లేత తొడ కండ తన రసాన్ని చాలావరకు నిలుపుకుంటుంది. 65 దాటే కొద్దీ పీచులు బిగుసుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. 70–80 దగ్గరికి వచ్చేసరికి ఆ నీరు చాలా పోయి ఉంటుంది, కానీ కండలను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఇంకా పూర్తిగా కరగదు. అటు రసమూ లేదు, ఇటు మెత్తదనమూ లేదు. ఎంత నమిలినా తెగదు. అదే మాంసాన్ని ఇంకా వండుతూ పోయి 90 దాటించి కాసేపు అక్కడే ఉంచితే కొల్లాజెన్ కరిగి జిగురుగా మారి పీచుల మధ్య పరుచుకుంటుంది. పోయిన నీరు తిరిగి రాదు గానీ ఆ జిగురు నోటికి రసంలాగే తగులుతుంది.

అందుకే తొడ గట్టిగా ఉందంటే ఎక్కువ ఉడికిపోయిందని వెంటనే అనుకోకూడదు. ఉడకడం చాలకపోయినా గట్టిగానే ఉంటుంది. మూడు గంటలు గడిచినా చెంచా దిగడం లేదంటే పొయ్యి ఆపేయకుండా ఇంకో గంట ఓపిక పట్టడమే మందు.

తొడంతా ఒకే రకం మాంసం కాదు

పైన తుంటి వైపు ఉండేవి పెద్ద కండలు. వాటిలో కొవ్వు తక్కువ, పీచు సన్నం. తక్కువ వేడికే మెత్తగా ఉంటాయి, వేడి ఎక్కువైతే ముందు ఎండిపోయేవీ అవే. కింద పిక్క వైపు సన్నగా, నరాలతో, పొరలతో ఉంటుంది. జంతువు రోజంతా వాడే కండ కాబట్టి దానికి గంటల తరబడి ఉడుకు కావాలి. ఈ రెండింటికీ ఒకే వేడి సరిపడదు. కోసి వడ్డించే పద్ధతిలో పిక్క భాగం ఎప్పుడూ కాస్త సాగుడుగానే మిగులుతుంది. దాన్ని పక్కన పెట్టుకుని మర్నాడు పులుసులోనో సూపులోనో వేసుకోవడం మంచిది. ఊడొచ్చే పద్ధతిలో మాత్రం అన్నిటికంటే రుచిగా ఉండేది ఆ పిక్కే. వండినవాళ్ళు దాన్ని తమ కంచంలోకే వేసుకున్నా తప్పు లేదు.

కొనేటప్పుడు

ఏడాది లోపు గొర్రెపిల్ల మాంసం లేత ఎరుపులో, కొవ్వు తెల్లగా గట్టిగా ఉంటుంది. ఎరుపు ముదిరి, కొవ్వు పసుపు తిరిగితే వయసు ఎక్కువ. ముదురు గొర్రె తొడ గానీ మేక తొడ గానీ దొరికితే కోసి వడ్డించే ఆలోచన పక్కన పెట్టి నేరుగా నెమ్మదిగా ఉడికించే పద్ధతికి వెళ్ళండి. మేక తొడలో కొవ్వు ఇంకా తక్కువ కాబట్టి దాన్ని మూత లేకుండా ఓవెన్‌లో పెడితే ఎండిపోతుంది.

ఎముకతో కలిపి మనిషికి 350–400 గ్రాముల లెక్క వేసుకోవాలి. 2.5 కిలోల తొడ ఆరేడుగురికి వస్తుంది. గంటల తరబడి ఉడికించినప్పుడు బరువు బాగా తగ్గుతుంది, కాబట్టి ఆ పద్ధతికి మనిషికి 400 గ్రాములే నయం.

కొట్టతన్ని రెండు పనులు చేసిపెట్టమనండి. ఒకటి, తుంటి ఎముక తీసేయమని. అది వంకరటింకరగా ఉండి, వండాక కోసేటప్పుడు చాకుకు అడ్డం పడుతుంది. నిలువుగా ఉండే తొడ ఎముక మాత్రం ఉండనివ్వండి. రెండు, మీ ఓవెన్ చిన్నదైతే పిక్క దగ్గర కీలు విరిచి, కాలు మడిచేలా చేసి ఇమ్మని. కొట్టుకు వెళ్ళే ముందే ఓవెన్ ట్రే పొడవు కొలుచుకుని వెళ్తే తొడ తెచ్చాక తలుపు పట్టలేదనే టెన్షన్ ఉండదు.

ఫ్రీజర్‌లో పెట్టినదైతే కరగడానికి ఫ్రిజ్‌లో ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. బయట పెట్టి కరిగించొద్దు. లోపల ఇంకా మంచు గడ్డలా ఉండగానే పైభాగం పాడవడం మొదలవుతుంది.

ముందు రోజు పని

కడగడం గురించి ఒక మాట. మాంసాన్ని కుళాయి కింద కడిగితే క్రిములు పోవు, ఆ తుంపరలతో సింకంతా, పక్కనున్న గిన్నెలన్నీ అంటుకుంటాయి. క్రిములను చంపేది వేడే. కడగకపోతే మనసొప్పదనుకుంటే లోతైన గిన్నెలో నీళ్ళు పోసి, చిందకుండా ముంచి తీసి, తర్వాత సింకును సబ్బుతో శుభ్రంగా కడిగేయండి. కడిగినా కడగకపోయినా చేయాల్సిన పని ఒకటుంది. పేపర్ టవల్‌తో గట్టిగా అద్ది తడి లేకుండా చేయాలి. పైన తడి ఉన్నంతసేపూ ఆ తలం 100 డిగ్రీలు దాటదు, దాటనంతవరకూ ఎర్రగా వేగదు.

తర్వాత కొవ్వు చూడండి. గొర్రె మాంసానికుండే ఆ ప్రత్యేకమైన వాసన ఎక్కువగా కొవ్వులోనే ఉంటుంది. ఆ వాసన ఇష్టం లేనివాళ్ళు పైకొవ్వును అర సెంటీమీటరు మందం మిగిల్చి తీసేయొచ్చు. మొత్తం గీకేయొద్దు. ఓవెన్ సెగ నేరుగా కండకు తగలకుండా కాపాడేది ఆ పొరే. కొవ్వు మీద కాగితంలా పల్చగా ఉండే పొరను చాకు మొనతో లేపి లాగేస్తే వచ్చేస్తుంది. కండ మీద వెండిలా మెరిసే గట్టి పొర కనబడితే అదీ తీసేయండి, ఎంత ఉడికినా అది మెత్తబడదు. ఎముక తీయించిన తొడైతే మోకాలి కీలు వెనక కొవ్వులో దాగి చిన్న బూడిద రంగు గ్రంథి కనిపిస్తుంది. దాన్ని చుట్టూ ఉన్న కొవ్వుతో సహా కోసి పారేయండి, చేదుగా ఉంటుంది.

ఇక ఉప్పు. నా దృష్టిలో ఈ వంట మొత్తంలో ముందు రోజే చేయాల్సిన పని ఇదొక్కటే. మిగతావి వీలు కుదిరితే చేసుకోవచ్చు. ఎముకతో ఉన్న తొడకు కిలోకు 10 గ్రాముల ఉప్పు. 2.5 కిలోలకు 25 గ్రాములు, అంటే మెత్తటి ఉప్పయితే పోగులా కాకుండా సమంగా తీసిన 4 టీస్పూన్లు. అన్ని వైపులా రుద్ది, మూత పెట్టకుండా, కింద జాలీ ఉంచి, ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో రాత్రంతా పెట్టండి. మొదటి గంటలో ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. మాంసం చెమటలు పట్టినట్టు కనిపిస్తుంది. తర్వాత ఆ ఉప్పు నీరే మళ్ళీ లోపలికి ఇంకుతుంది. పొద్దున్నకు తలం పొడిగా, ముట్టుకుంటే కొద్దిగా జిగటగా ఉంటుంది. వేగడానికి అదే సరైన స్థితి.

మసాలా ముద్ద సంగతి వేరు. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, పెరుగు, ఏదైనా సరే, రాత్రంతా నానబెట్టినా లోపలికి వెళ్ళేది కొన్ని మిల్లీమీటర్లే. లోతుకు వెళ్ళగలిగేది ఉప్పు ఒక్కటే. కాబట్టి మసాలా లోపలికి చేరాలంటే గాట్లు పెట్టాలి. ఊడొచ్చే పద్ధతికి ఎముక తగిలేదాకా లోతుగా, రెండు అంగుళాలకొకటి గాటు పెట్టి ముద్దను వేలితో లోపలికి కూరండి. కోసి వడ్డించే పద్ధతికి గాట్లు తక్కువ, చిన్నవి. వాటిలో దూర్చే వెల్లుల్లి రేకలు పైకి కనబడకుండా లోపలికి నొక్కాలి. బయట మిగిలినవి మాడి చేదెక్కుతాయి.

పచ్చి బొప్పాయి ముద్ద వాడేవాళ్ళు జాగ్రత్త. అందులోని పపైన్ అనే ఎంజైమ్ ఫ్రిజ్ చల్లదనంలో నెమ్మదిగా, వండేటప్పుడు 50–70 డిగ్రీల దగ్గర చాలా చురుగ్గా పనిచేస్తుంది. రాత్రంతా ఉంచితే పైభాగం పిండిలా అయిపోతుంది, లోపల మాత్రం మార్పుండదు. లేత తొడకు అసలు అక్కర్లేదు. ముదురుదైతే కిలోకు ఒక టేబుల్ స్పూన్, రెండు మూడు గంటలు, అంతే.

థర్మామీటర్ లేకుండా మొదటి పద్ధతి మొదలుపెట్టొద్దు

మాంసంలో గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. "అర కిలోకు ఇన్ని నిమిషాలు" అనే లెక్క ఒక అంచనా మాత్రమే. తొడ ఆకారం, ఫ్రిజ్‌లోంచి ఎంత చల్లగా వచ్చింది, మీ ఓవెన్ చెప్పే వేడికీ నిజంగా ఉన్న వేడికీ తేడా, ఇవన్నీ కలిసి అరగంట అటూ ఇటూ చేస్తాయి. పదును మీద ఉన్న మాంసానికి అరగంట చాలా ఎక్కువ.

గుచ్చడంలో కూడా పద్ధతి ఉంది. తుంటి వైపు లావుగా ఉన్న చోట పక్క నుంచి గుచ్చి, ఎముకకు తగిలేదాకా పోనిచ్చి, వెంటనే ఒక సెంటీమీటరు వెనక్కి లాగండి. ఎముకను ఆనుకుని ఉంటే అంకె తప్పు చూపిస్తుంది. తర్వాత నెమ్మదిగా బయటికి లాగుతూ అంకెను గమనించండి. అది తగ్గుతూ వచ్చి ఒక చోట మళ్ళీ పెరగడం మొదలవుతుంది. ఆ అన్నిటికంటే తక్కువ అంకే మీ మాంసం అసలు వేడి. రెండు మూడు చోట్ల ఇలా చూస్తే ధైర్యంగా ఉంటుంది.

లోపలి వేడి 55–57 దగ్గర మాంసం బాగా గులాబీ రంగులో ఉంటుంది, 60–63 దగ్గర లేత గులాబీ, 70కి రంగు పూర్తిగా పోతుంది. అమెరికా వ్యవసాయ శాఖ గొర్రె మాంసం పెద్ద ముక్కలకు 63 డిగ్రీలు, ఆపైన కనీసం 3 నిమిషాల విశ్రాంతి అని చెబుతుంది. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవయసువాళ్ళు తినేదైతే ఆ అంకె కంటే తగ్గొద్దు. గాట్లు పెట్టినా, ఎముక తీసి చుట్టినా పైనున్న క్రిములు లోపలికి చేరే వీలుంటుంది కాబట్టి అప్పుడు కూడా 63 పాటించడం మేలు. కోసినప్పుడు కారే ఎర్రటి నీరు రక్తం కాదు. కండలో ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థం కలిసిన నీరు అది. అయినా గులాబీ రంగు చూస్తేనే వెనక్కి తగ్గేవాళ్ళు ఇంట్లో ఎక్కువమంది ఉంటే వాళ్ళ కోసం 75 దాకా లాగి మాంసాన్ని ఎండబెట్టకండి. రెండో పద్ధతిలో వండేయండి, అందరూ ఇష్టంగా తింటారు.

మొదటి పద్ధతి: ఓవెన్‌లో కాల్చి, కోసి వడ్డించడం

మామూలుగా చెప్పేది ముందు పెద్ద సెగ, తర్వాత చిన్న సెగ. 220 డిగ్రీల్లో 20 నిమిషాలు, తర్వాత 170కి తగ్గించి అర కిలోకు 15 నుంచి 20 నిమిషాలు. తొందరగా అయిపోతుంది, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. కానీ కోసి చూస్తే అంచు నుంచి రెండు మూడు సెంటీమీటర్లు బూడిద రంగులో ఎండి, నడిమధ్యలోనే బాగుంటుంది. నేను దీన్ని తిరగేసి చేయమంటాను, ముందు చిన్న సెగ, చివర్లో పెద్ద సెగ. టైమ్ ఎక్కువ పడుతుంది గానీ అంచు నుంచి ఎముక దాకా ఒకే రంగులో ఉడుకుతుంది. పైగా ఆ చిన్న సెగలో పైభాగం బాగా ఆరిపోతుంది కాబట్టి చివర్లో నిమిషాల్లో ఎర్రబడుతుంది.

1. ముందు రోజు ఉప్పు పట్టించిన తొడను ఫ్రిజ్ నుంచి తీసి, కొద్దిగా నూనె, దంచిన మిరియాలు, నచ్చిన పొడులు రుద్దండి. పెరుగు, తేనె లాంటివి ఇప్పుడు వద్దు. గంట ముందే బయట పెట్టాలని చాలామంది చెబుతారు. అంత పెద్ద ముక్కలో గంటకు లోపలి వేడి పెరిగేది కొంచెమే, కాబట్టి మర్చిపోయినా దిగులు పడక్కర్లేదు.

2. ఓవెన్ 120 డిగ్రీలకు వేడి చేయండి. ట్రే మీద జాలీ, జాలీ మీద తొడ, కొవ్వున్న వైపు పైకి. కింద ట్రేలో ఒక కప్పు నీళ్ళు పోస్తే కారిన కొవ్వు మాడి పొగ రాదు.

3. గంటన్నర దాకా తలుపు తీయకండి. తర్వాత ప్రతి 20 నిమిషాలకూ వేడి చూడండి. 2.5 కిలోల తొడకు రెండున్నర గంటల అటూ ఇటూ పడుతుంది.

4. మీకు కావాల్సిన అంకెకు 3 డిగ్రీల ముందే బయటికి తీయండి. 63 కావాలంటే 60కి. పైన ఫాయిల్ వదులుగా కప్పి 20 నిమిషాలు వదిలేయండి. ఇంత చిన్న సెగలో వండినప్పుడు బయటికి తీశాక పెరిగేది 2–3 డిగ్రీలే. పెద్ద సెగలో వండితే 5–7 దాకా పెరుగుతుంది, అప్పుడు ఇంకా ముందే తీయాలి.

5. ఈలోగా ఓవెన్‌ను 250కి, లేదా అది వెళ్ళగలిగినంత పైకి పెట్టండి. తొడను మళ్ళీ లోపల పెట్టి 8–10 నిమిషాలు, కొవ్వు బుడగలు కక్కుతూ ఎర్రబడేదాకా ఉంచండి. ఈసారి పక్కకు వెళ్ళకండి. చివరి రెండు నిమిషాల్లో ఎరుపు నలుపైపోతుంది.

రెండోసారి విశ్రాంతి అక్కర్లేదు, వెంటనే కోయొచ్చు.

ఓటీజీ వాడేవాళ్ళకు ఇబ్బంది ఏమిటంటే రాడ్లు మాంసానికి మరీ దగ్గరగా ఉంటాయి. చిన్న సెగ వంటకు కింది రాడ్ మాత్రమే వేసుకుని, తొడ పైన ఫాయిల్ పందిరి వేయండి. ఫాయిల్ రాడ్‌కు తగలకూడదు. సగం టైమ్‌కు ట్రేను వెనక్కి ముందుకు తిప్పండి. చివర్లో ఎర్రబరచడానికి పై రాడ్ ఒక్కటి చాలు.

రెండో పద్ధతి: మూత పెట్టి నెమ్మదిగా, ఊడొచ్చేదాకా

ఇందులో టెన్షన్ తక్కువ. అరగంట ఎక్కువైనా చెడిపోదు, చుట్టాలు ఆలస్యంగా వచ్చినా కంగారు పడక్కర్లేదు. మొదటిసారి తొడ వండేవాళ్ళు దీనితోనే మొదలుపెట్టండి.

లోతైన ట్రేలో గానీ, ఓవెన్‌లో పట్టే అడుగు మందం గిన్నెలో గానీ నాలుగైదు ఉల్లిపాయలు మందంగా తరిగి పరవండి. గాట్లు పెట్టి మసాలా కూరిన తొడను దాని మీద పెట్టి, పక్క నుంచి రెండు కప్పుల నీళ్ళో, ఎముకల సూపో పోయండి. మాంసం మునగకూడదు. అడుగున రెండు మూడు సెంటీమీటర్ల లోతుంటే చాలు, మిగతా పని ఆవిరి చూసుకుంటుంది. ముందే ఎర్రగా వేయించాలా అంటే, అంత పెద్ద తొడను బాణలిలో తిప్పుతూ చేతులు కాల్చుకోవడం ఎందుకు? చివర్లో మూత తీసి ఎర్రబరిస్తే సరిపోతుంది.

మూత బిగువుగా ఉండడం ముఖ్యం. ఫాయిల్ అయితే రెండు వరసలు వేసి అంచులు ట్రే చుట్టూ నొక్కేయండి. పెరుగు, నిమ్మరసం ఉన్న మసాలా అయితే ఫాయిల్ నేరుగా మాంసానికి తగలనివ్వకండి. పులుపు అల్యూమినియాన్ని తింటుంది, మాంసానికి లోహపు రుచి వస్తుంది. మధ్యలో బేకింగ్ పేపర్ వేయండి.

ఓవెన్ 150 డిగ్రీల్లో 2.5 కిలోల లేత తొడకు నాలుగు నుంచి ఐదు గంటలు. గంటన్నరకొకసారి తీసి తిరగేసి, అడుగు నీరు పైన పోసి, మళ్ళీ మూసేయండి. నీరు తగ్గితే మరిగే నీళ్ళే పోయాలి, చల్లనివి కాదు.

ఎప్పుడు అయినట్టు? ముందు పిక్క చూడండి. మాంసం పైకి ముడుచుకుపోయి ఎముక కొన రెండు మూడు సెంటీమీటర్లు బోడిగా బయటపడుతుంది. అది దగ్గర పడిందన్న గుర్తు మాత్రమే, పూర్తయినట్టు కాదు. తర్వాత తుంటి వైపు లావు చోట ఫోర్క్ గుచ్చి మెలి తిప్పండి. పీచులు విడిపోతే అయింది. ఫోర్క్‌తో పాటు మాంసం ముద్దగా కదిలితే ఇంకా కాలేదు. థర్మామీటర్ ఉంటే 90–95 చూపించాలి. ఆ అంకె వచ్చినా ఫోర్క్ ఒప్పుకోకపోతే ఫోర్క్ మాటే వినండి.

అయ్యాక మూత తీసి, అడుగు నీటిని వేరే గిన్నెలోకి వంచేసి, ఓవెన్ 210కి పెంచి 20 నిమిషాలు ఎర్రబరచండి. తేనె, బెల్లం లాంటి తీపి ఏదైనా పూయాలనుకుంటే ఇప్పుడే పూయాలి. ముందే పూస్తే మాడుతుంది. మళ్ళీ కాస్త నీరు పైన పోసి అరగంట వదిలేస్తే పీచులు దాన్ని తిరిగి పీల్చుకుంటాయి.

ఓవెన్ లేకపోతే

అడుగు మందం గిన్నె, బరువైన మూత, సన్నటి సెగ. పద్ధతి పైదే. తేడా ఏమిటంటే వేడి కిందనుంచే వస్తుంది కాబట్టి అడుగు తొందరగా అంటుతుంది. గిన్నె కింద పెనం పెట్టి, 40 నిమిషాలకొకసారి తొడను తిప్పుతూ ఉండాలి. నీరు సలసల మరగకూడదు, అక్కడక్కడా ఒక బుడగ లేస్తుంటే చాలు. మూడున్నర నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది.

అంత గ్యాస్, అంత టైమ్ లేకపోతే కుక్కర్. దీనికి కిలోన్నర లోపు తొడ తీసుకుని పిక్క విరిపించి తెచ్చుకోవాలి. కుక్కర్ మూడింట రెండు వంతులు మించి నిండకూడదు. ముందు అదే కుక్కర్‌లో కొద్దిగా నూనెలో తొడను రెండు వైపులా ఎర్రగా వేయించండి. ఇక్కడ మాత్రం ఈ పని చేయాల్సిందే, ఎందుకంటే కుక్కర్‌లో ఉడికాక అది చిట్లిపోయేంత మెత్తగా ఉంటుంది, వేయించడానికి తిప్పలేరు. ఒకటిన్నర కప్పుల నీళ్ళు పోసి, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి 40–45 నిమిషాలు. విజిళ్ళు లెక్కపెట్టడం వల్ల లాభం లేదు, కుక్కర్‌కూ కుక్కర్‌కూ తేడా ఉంటుంది. గడియారమే చూడండి. ముదురు గొర్రె, మేక అయితే గంట దాటుతుంది. ఆపాక ఆవిరిని బలవంతంగా వదలకండి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే మాంసంలోని నీరు లోపలే మరిగి బయటికి తన్నుకొస్తుంది, మాంసం ఎండుతుంది. దానంతటదే దిగేదాకా 20 నిమిషాలు ఆగండి.

నిప్పుల మీద: ఎముక తీసి, విప్పి పరిచి

బొగ్గుల మీద మొత్తం తొడను కాల్చడం ఇంట్లో అంత తేలిక కాదు. దానికంటే ఎముక తీయించి, పుస్తకంలా విప్పి పరిచినది బాగా కుదురుతుంది. లావుగా ఉన్న చోట్ల చాకుతో సగం లోతు గాటు పెట్టి విప్పి, అంతా 3–4 సెంటీమీటర్ల మందానికి తేవాలి. పూర్తిగా సమం కాదు, కానక్కర్లేదు కూడా. పల్చటి అంచులు బాగా ఉడుకుతాయి, మధ్య గులాబీగా ఉంటుంది, ఎవరికి కావాల్సింది వాళ్ళకు దొరుకుతుంది.

నిప్పులన్నీ ఒక పక్కకు తోసి, రెండో పక్క ఖాళీగా ఉంచండి. ముందు నిప్పుల మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. కొవ్వు కారి మంట లేస్తే నీళ్ళు చల్లకండి, బూడిద లేచి మాంసానికి అంటుకుంటుంది. మాంసాన్ని ఖాళీ పక్కకు జరపండి, మంట తగ్గాక వెనక్కి తెండి. రంగు వచ్చాక ఖాళీ పక్కకు మార్చి, మూత వేసి, 15–20 నిమిషాలు. గాట్లు పెట్టిన మాంసం కాబట్టి 63 చూసుకోండి. పది నిమిషాలు ఆగి కోయండి. పెరుగు మసాలా ఈ పద్ధతికే బాగా నప్పుతుంది. కాకపోతే పెట్టే ముందు ఎక్కువైన ముద్దను చేత్తో తుడిచేయాలి, లేకపోతే ముద్ద మాడి మాంసం పచ్చిగా ఉంటుంది.

కోయడం, గ్రేవీ

పిక్క ఎముకను గుడ్డతో పట్టుకుని తొడను పలక మీద కాస్త ఏటవాలుగా నిలపండి. పీచు ఎటు పోతోందో చూసి దానికి అడ్డంగా కోయాలి. తొడలో పీచు చాలావరకు ఎముక వెంటే పోతుంది కాబట్టి ఎముకకు అడ్డంగా, ఎముక తగిలేదాకా, అర సెంటీమీటరు మందంతో వరసగా కోసుకుంటూ వెళ్ళండి. ఇంకా ఏదీ ఊడదు. అప్పుడు చాకును ఎముక పక్కనే పడుకోబెట్టి ఒక్కసారి లాగితే ముక్కలన్నీ కలిసి విడిపోతాయి. ఒక వైపు అయ్యాక తిప్పి రెండో వైపు.

ట్రేలో మిగిలిన దాన్ని పారబోయొద్దు. పైన తేలిన కొవ్వును చెంచాతో తీసేసి, ట్రేను సన్నటి సెగ మీద పెట్టి, కప్పు వేడి నీళ్ళు పోసి, అడుగున అంటిన ఎర్రటి పొరను చెక్క గరిటెతో గీకండి. వడకట్టి సగానికి మరిగిస్తే గ్రేవీ తయారు. కొన్ని చుక్కల నిమ్మరసం వేస్తే కొవ్వు వెగటు తగ్గుతుంది. అడుగు నల్లగా మాడి ఉంటే మాత్రం ఆశపడకండి, ఆ చేదు ఏం వేసినా పోదు. ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, తొడ ఉప్పంతా అందులోకి దిగి ఉంటుంది.

వడ్డించే కంచాలు వేడిగా ఉండాలి. గొర్రె కొవ్వు చాలా తొందరగా గడ్డకడుతుంది. చల్లటి కంచంలో వేస్తే మూడు ముద్దలు తినేలోపు అంచులు తెల్లబడి నాలుకకు అంటుకుంటాయి. ఓవెన్ ఆపాక ఆ వెచ్చదనంలో కంచాలు ఐదు నిమిషాలు పెడితే చాలు.

మిగిలితే

వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. ఎముక నుంచి విడదీసి, గ్రేవీలో ముంచి పెడితే ఎండదు. మూడు నాలుగు రోజులు ఉంటుంది. గులాబీగా కాల్చిన ముక్కలను మళ్ళీ వేడి చేస్తే ఇందాక చెప్పిన 70–80 మధ్యకు వెళ్ళి గట్టిపడతాయి కాబట్టి వాటిని పల్చగా కోసి చల్లగానే తినడం మేలు. ఊడొచ్చేలా వండినదాన్ని మూత పెట్టి, కాస్త నీరు చిలకరించి, పొగలు కక్కేదాకా వేడి చేసుకోవచ్చు. ఎముకలను, కోసినప్పుడు పక్కన పెట్టిన పిక్కను కలిపి కుక్కర్‌లో గంట ఉడికిస్తే మంచి సూపు వస్తుంది. చల్లారాక పైన కట్టిన కొవ్వు తీసేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఈసారి తొడ వండినప్పుడు నీళ్ళ బదులు అదే పోసుకోవచ్చు.